అమ్మా, ఫ్రిజ్ మోగుతోంది!

కూరగాయల ట్రే కింద నీళ్లు చేరుతున్నాయని కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. "ప్లగ్ పెట్టే ఉందా మేడమ్? లోపల 4 డిగ్రీలుందా? ఫ్రీజర్‌లో మైనస్ 18 ఉందా?" అని పాఠం అప్పజెప్పింది ఆ పిల్ల. చల్లగానే ఉందమ్మా, నీళ్ల సంగతి చూడమంటే, "టెక్నీషియన్ ఎప్పుడైనా కాల్ చేస్తారు మేడమ్, ఎత్తకపోతే కంప్లయింట్ క్లోజైపోతుంది" అంది. ఆ 'ఎప్పుడైనా' పుణ్యమా అని స్నానానికి వెళ్లినా ఫోన్ వెంటే.

ఈలోగా మా ఆయన చెప్పులేసుకుంటూనే రోగం తేల్చేశారు. డోర్ రబ్బరు పోయిందట. రబ్బరు సందులో కాగితం పెట్టి, తలుపు మూసి లాగితే తెలుస్తుందట. లాగాను. ఓ మూల బిగుసుకుంది, ఓ మూల జారినట్టే ఉంది. ఇలా కాదని లైటు పరీక్షకి దిగాను. వంటింట్లో లైట్లార్పి, ఫోన్ టార్చి వెలిగించి ఫ్రిజ్‌లో పెట్టి తలుపు మూస్తే, రబ్బరు పట్టు లేనిచోట వెలుగు బయటికొస్తుంది. గిన్నెలు అటూఇటూ జరిపి ఫోన్‌ని నిలబెట్టేసరికి చాలాసేపే పట్టింది. మూశాను. కటిక చీకటి.

అప్పుడు మోగింది.

హాల్లోంచి మావాడి కేక: "అమ్మా, ఫ్రిజ్ మోగుతోంది!"

హాల్లో కూర్చుంటే సగం మాటలు వినపడని ఫోన్ అది. ఇనప పెట్టెలో పెట్టి బిగిస్తే మాత్రం సిగ్నల్ వెతుక్కుంటూ వచ్చింది. పిడి పట్టుకుని లాగాను. రాలేదు. తలుపు బార్లా తెరిచి ఉంచినంతసేపూ లోపల వేడిగాలి చేరుతుంది కదా, మూయగానే అది చల్లబడి కుంచించుకుపోతుంది. లోపల పీడనం తగ్గిందని బయటి గాలి తలుపుని అదిమిపెడుతుంది. కాసేపాగితే అదే సర్దుకుంటుంది. కానీ టెక్నీషియన్ ఆగాలిగా! గోడకి కాలు తన్నిపెట్టి లాగితే తలుపు రాలేదు సరికదా, ఫ్రిజ్జే చక్రాల మీద నా వైపు నడిచొచ్చింది. మావాడు లైటేసి, నా భంగిమ చూసి, "కరెంటు తీసెయ్యనా?" అన్నాడు. తీస్తే తలుపొస్తుందేమిట్రా! "ఎవరో చాలాసేపట్నించీ చేస్తున్నారమ్మా" అన్నాడు మళ్లీ, నాకేదో తెలియనట్టు.

రింగు ఆగింది. మరుక్షణం తలుపు వేలితో లాగినట్టు వచ్చింది.

తిరిగి చేస్తే ఆ నంబరుకి కాల్స్ వెళ్లవట. చల్లటి ఫోన్ చేతిలో ఉండగానే మెసేజ్: 'మీ సమస్య విజయవంతంగా పరిష్కరించబడింది.'

"అంతలా బిగిసిందంటే రబ్బరు భేషుగ్గా ఉన్నట్టే" అన్నారు సాయంత్రం మా ఆయన, పొద్దున ఆ మాటన్నది ఇంకెవరో అయినట్టు. మా అత్తగారు వంగి చూసి, "వెనక గోడ అడుగున కన్నముంటుంది చూడవే, అది పూడిందేమో" అన్నారు. ఎండిన ఆకు కాడ ఒకటి అడ్డంపడి ఉంది. తీసి గోరువెచ్చటి నీళ్లు పోస్తే, వెనక కంప్రెసర్ మీది ట్రేలోకి గుడగుడా దిగాయి. ఆ నీళ్లు కంప్రెసర్ వేడికి వాటంతటవే ఆవిరైపోతాయట. ఇంత ముక్క ఆ పిల్ల ఫోన్లో చెప్పొచ్చుగా!

స్టార్లివ్వమని మాత్రం మెసేజ్‌లు ఆగట్లేదు. ఇందాక ఒక్కటిచ్చాను. తక్కువెందుకిచ్చారో కారణం రాయమంది. నలభై అక్షరాలు దాటకూడదట.