మనకు గిటారిస్టులే లేరంటున్న ఆ ఫార్వర్డ్‌కు జవాబు

హనుమకొండ, కాజీపేట వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒక పోస్టు తెగ తిరుగుతోంది. ప్రపంచంలో గొప్ప గిటారిస్టులంటూ పది మంది ఫొటోలు. అందరూ అమెరికా, ఇంగ్లండ్ వాళ్లు, అందరూ మగవాళ్లు. కింద నాలుగు మాటలు: గిటార్ మన సంగీతానికి పనికిరాదు, సినిమా పాటలో దానిది వెనకాల తాళం వేసే పనే, ఆడవాళ్లలో చెప్పుకోదగ్గ గిటారిస్టు లేరు, మనవాళ్లలో ప్రతిభే ఉంటే పేరు ఎప్పుడో వచ్చి ఉండేది. ఆఖర్న, కాదంటే ఒక్క పేరు చెప్పండి అని సవాలు. ఫొటోల్లో ఉన్నవాళ్లతో నాకు పేచీ లేదు. జిమి హెండ్రిక్స్‌ను ఎవరు కాదంటారు? పేచీ అంతా ఆ నాలుగు మాటలతోనే.

గిటార్ మన సంగీతానికి పనికిరాదట. మెట్లున్న వాయిద్యం మీద గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ జారుస్తూ పలికించడం, కుదరదనేది దీని వెనక ఉన్న వాదన. మరి వీణ మీద ఉన్నవేమిటి? మైనంలో కూర్చిన 24 మెట్లు. మెట్టు మీద తీగను పక్కకు లాగితే అక్కడ గమకం పలుకుతుంది. గిటార్ తీగనూ అలాగే లాగొచ్చు. చెన్నైలో సుకుమార్ ప్రసాద్ ఎలక్ట్రిక్ గిటార్ మీద కర్ణాటక కచేరీలు చేశారు. ఆయన తర్వాత ప్రసన్న వచ్చారు. ఐఐటీ మద్రాసులో ఇంజనీరింగ్, ఆపైన అమెరికాలో బర్క్‌లీ సంగీత కళాశాలలో చదివి, మామూలు గిటార్ మీదే త్యాగరాజ కీర్తనలు వాయిస్తారు. హెండ్రిక్స్‌కు నివాళిగా కర్ణాటక బాణీలో ‘ఎలక్ట్రిక్ గణేశ ల్యాండ్’ అని ఒక ఆల్బమే చేశారు. హెండ్రిక్స్ ఫొటో పెట్టిన పెద్దమనిషి ముందు అది వింటే బాగుండేది.

అసలు మెట్లతో పనే లేకుండా వాయించినవాళ్లూ ఉన్నారు. జోధ్‌పూర్‌లో పుట్టిన బ్రిజ్ భూషణ్ కాబ్రా గిటార్‌ను అడ్డంగా ఒళ్లో పెట్టుకుని, తీగల మీద ఉక్కు కడ్డీ జారుస్తూ రాగాలాపన చేసేవారు. గురువు సరోద్ విద్వాంసుడు అలీ అక్బర్ ఖాన్. 1967లో వచ్చిన ‘కాల్ ఆఫ్ ద వ్యాలీ’ రికార్డు చాలా ఇళ్లలో మోగింది. దాని గురించి ఎవరిని అడిగినా శివకుమార్ శర్మ సంతూర్, హరిప్రసాద్ చౌరాసియా వేణువు అని చెప్పి ఆగిపోతారు. ఆ రికార్డులో మూడో మనిషి కాబ్రా. 2018లో పోయారు. ఆయన శిష్యుడు దేబాశిష్ భట్టాచార్య కోల్‌కతాలో తన గిటార్లు తానే రూపొందించుకుని వాయిస్తున్నారు. ఇలాగే అడ్డంగా గిటార్ వాయించే విశ్వమోహన్ భట్‌కు 1994లో అమెరికా గిటారిస్టు రై కూడర్‌తో కలిపి గ్రామీ సంగీత పురస్కారం వచ్చింది కాబట్టి, పేరు రానివాళ్ల లెక్కలో ఆయన్ను వేయడం లేదు.

పరాయి వాయిద్యం అంటారా, ఆ లెక్కన వయొలిన్‌ను కూడా కచేరీ వేదిక దింపేయాలి. ద్వారం వెంకటస్వామి నాయుడు గారిని ఎక్కడ కూర్చోబెడతారు? పాలకొల్లు శ్రీనివాస్ మాండలిన్‌ను ఏం చేస్తారు? మెట్లు, తీగలు మనకు కొత్తా అంటే, మన తెలంగాణ కిన్నెరను పన్నెండు మెట్ల కిన్నెర అనే పిలుస్తారు.

ఇక సినిమా సంగతి. ఇక్కడ కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మనలో చాలామంది గిటార్‌ను మొదట విన్నది సినిమా పాటలోనే. ‘చురా లియా హై’ పాట వినపడగానే చేతిలో గిటార్, తెల్ల డ్రెస్సులో జీనత్ అమాన్ గుర్తొస్తుంది. ఆ గిటార్ వాయించింది భూపీందర్ సింగ్. ‘దమ్ మారో దమ్’లో గిటార్ కూడా ఆయనదే. ‘నామ్ గుమ్ జాయేగా’ పాడిన గాయకుడిగా ఆయన మనకు తెలుసు. అదే మనిషి చేతుల్లోంచి ఆర్డీ బర్మన్ పాటలకు అంత గిటార్ వచ్చిందని 2022లో ఆయన పోయినప్పుడు పేపర్లు రాస్తేగాని చాలామందికి తెలియలేదు. ‘కర్జ్’ సినిమాలో కథ మొత్తం ఒక గిటార్ ట్యూన్ మీదే తిరుగుతుంది. తెర మీద రిషి కపూర్, వాయించింది గోరఖ్ శర్మ. సంగీత దర్శకుడు ప్యారేలాల్ తమ్ముడైనా ఆ పేరు పాటతో పాటు జనంలోకి రాలేదు.

మన బాలు గారు పాడిన ‘ఇళయ నిలా’ తీసుకోండి. 1982 నాటి ఇళయరాజా తమిళ పాట. ఆ గిటార్ వాయించింది ఆర్. చంద్రశేఖర్. ఆ బాణీయే తర్వాత హిందీలోకి ‘నీలే నీలే అంబర్ పర్’ అయి వెళ్లింది. ఇవాళ గిటార్ క్లాసులో చేరిన ఏ పిల్లవాడైనా కార్డ్స్ (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మీటడం) కాస్త పట్టుబడగానే ‘నీలే నీలే’ మొదలుపెడతాడు. మూల పాటలో వాయించిన మనిషి పేరు అడగండి, ఆ పిల్లవాడికే కాదు, నేర్పే సారుకూ తడుముకోవాల్సి వస్తుంది. ఆ పాటలోంచి గిటార్ తీసేసి పాడి చూడండి, వెనకాల తాళమో కాదో తెలుస్తుంది.

పేర్లు ఎందుకు తెలియలేదంటే, వేయలేదు కనుక. గ్రామఫోన్ రికార్డు మీద సినిమా పేరు, గాయకులు, రచయిత, సంగీత దర్శకుడు ఉండేవారు. వాద్య కళాకారులు స్టూడియోకు వచ్చి, నొటేషన్ చూసి వాయించి, ఆ పూట డబ్బులు తీసుకుని ఇంకో రికార్డింగ్‌కు వెళ్లిపోయేవారు. రేడియోలో పాటకు ముందు చదివే పేర్లలోనూ వాళ్లుండేవారు కాదు. పేరు అచ్చు కానివాళ్లకు పేరు రాలేదు కాబట్టి ప్రతిభ లేదనడం ఎక్కడి న్యాయం?

ఆడవాళ్ల గురించి రాసిన మాటకు, ప్రతిభ ఉంటే పేరు అదే వస్తుందన్న మాటకు కలిపి ఒకే జవాబు ఉంది. సిస్టర్ రోజెటా థార్ప్. అమెరికాలో చర్చి భక్తి గీతాలు పాడుతూ ఎలక్ట్రిక్ గిటార్ వాయించిన నల్లజాతి మహిళ. రాకెన్‌రోల్ అనే మాట జనం నోట పడక ముందే, 1940లలోనే, ఆ ఊపు ఆమె గిటార్‌లో ఉంది. 1973లో చనిపోయారు. రోలింగ్ స్టోన్ పత్రిక 2003లో వంద మంది గొప్ప గిటారిస్టుల జాబితా వేస్తే అందులో ఆడవాళ్లు ఇద్దరే, థార్ప్ లేరు. అదే పత్రిక 2023లో 250 మందితో మళ్లీ జాబితా వేస్తే ఆమెది ఆరో స్థానం. ఆ ఇరవై ఏళ్లలో ఆమె కొత్తగా ఒక్క స్వరం వాయించలేదు కదా! మారింది జాబితా వేసేవాళ్ల చెవులు.

అమెరికాకే చెందిన గిటారిస్టు ఎలిజబెత్ కాటన్ కథ ఇంకా వింత. ఎడమచేతి వాటం. కుడిచేతి వాళ్ల గిటార్‌ను తీగలు మార్చకుండా తలకిందులుగా పట్టుకుని, బొటనవేలితో పాట, మిగతా వేళ్లతో కింది స్థాయి స్వరాలు పలికించేవారు. చిన్నప్పుడు నేర్చుకుని వదిలేశారు. నడివయసు దాటాక ఒక సంగీత కుటుంబం ఇంట్లో పనిమనిషిగా ఉన్నప్పుడు మళ్లీ పట్టుకున్నారు. గ్రామీ వచ్చేసరికి తొంభై దాటాయి. ఆ ఇంట్లో కాకుండా పక్కింట్లో పనికి కుదిరి ఉంటే ఆమె పేరు ఇవాళ నేను రాసేవాడినే కాదు.

ఆ పోస్టు కింద మనవాళ్లే కొందరు ‘వరంగల్‌లో గిటార్ ఎవరికొచ్చు’ అని నవ్వులు పెట్టారు. ఆదివారం కాజీపేటలో ఏదైనా చర్చికి వెళ్లి కూర్చోండి. ఎన్ఐటీలో విద్యార్థుల ఉత్సవం స్ప్రింగ్ స్ప్రీ జరిగినప్పుడు ఒక సాయంత్రం నిలబడి వినండి. గణేశ్ నవరాత్రుల్లో ఆర్కెస్ట్రా పెట్టినప్పుడు, పాట పాటకూ సింగర్ శ్రుతి మారుస్తుంటే తీగలను నొక్కిపట్టే క్లిప్పు, అదే కేపో, జరుపుకుంటూ సర్దుకుపోయే కుర్రాడిని చూడండి. ఫ్లెక్సీ మీద సింగర్ ఫొటో ఉంటుంది, యాంకర్ ఫొటో ఉంటుంది, చందా ఇచ్చిన వాళ్ల ఫొటోలు వరసగా ఉంటాయి. గిటార్ కుర్రాడి పేరు ఉండదు. మైకు పట్టుకున్న యాంకర్‌ను అడిగి చూడండి, ‘గిటార్ తమ్ముడు’ అంటాడు.