లైగాండ్ మారితే మూలకం పనితీరే మారుతుంది

"హైడ్రోజన్ లాంటి చిన్న అణువులను విడగొట్టడం డి-ఆర్బిటాళ్లున్న పరివర్తన లోహాలకే చేతనవుతుంది. ప్రధాన గ్రూపు మూలకాల చుట్టూ ఏ లైగాండ్ ఉన్నా పెద్ద తేడా ఉండదు." కెమిస్ట్రీ నోట్సుల్లో, వీడియోల్లో పదే పదే కనబడే మాట ఇది. లైగాండ్ అంటే ఒక పరమాణువుకు అతుక్కుని ఉండే అణువు లేదా గ్రూపు; ప్రధాన గ్రూపు మూలకాలంటే బోరాన్, కార్బన్, జెర్మేనియం లాంటివి. పై రెండు వాక్యాలూ తప్పే.

ముందు డి-ఆర్బిటాళ్ల సంగతి. హైడ్రోజన్ అణువులోని రెండు పరమాణువుల మధ్య బంధం తెగాలంటే, ఆ బంధంలోని ఎలక్ట్రాన్లను అందుకోవడానికి ఒక ఖాళీ ఆర్బిటాల్ కావాలి. హైడ్రోజన్ అపబంధక ఆర్బిటాల్‌లోకి (ఎలక్ట్రాన్లు చేరితే బంధాన్ని బలహీనపరిచేది) ఎలక్ట్రాన్లను పంపడానికి ఒక నిండు ఆర్బిటాల్ కావాలి. రెండింటి మధ్య శక్తి తేడా తక్కువ ఉండాలి. అంతే, అవి డి-ఆర్బిటాళ్లే కానక్కర్లేదు. 2005లో ఫిలిప్ పవర్ బృందం జెర్మేనియం-జెర్మేనియం బహుబంధమున్న సమ్మేళనంతో గది ఉష్ణోగ్రతలో, ఒక అట్మాస్ఫియర్ పీడనంలోనే హైడ్రోజన్‌ను విడగొట్టింది. ఆ బహుబంధం నిలిచింది చుట్టూ కాపలా ఉన్న భారీ ఆరైల్ గ్రూపుల (బెంజీన్ వలయాలున్న గ్రూపుల) వల్లే.

ఇక "లైగాండ్‌తో తేడా ఉండదు" అన్న మాట. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే, ఎందుకంటే ఈ రంగంలోని అసలు అందాన్నే పిల్లలకు కనబడకుండా చేస్తోంది. కార్బీన్‌ను, అంటే రెండు పొరుగు పరమాణువులే ఉన్న కార్బన్ గల అణువును, దగ్గరగా చూడండి. మామూలు డైఅమైనో కార్బీన్‌లో నడిమి కార్బన్‌కు రెండు పక్కలా నైట్రోజన్లుంటాయి. రెండూ తమ ఒంటరి జంటలను (బంధంలో లేని ఎలక్ట్రాన్ జంటలను) దాని ఖాళీ పి-ఆర్బిటాల్‌లోకి అందిస్తాయి. అలా కడుపు నిండిన కార్బన్ హైడ్రోజన్ జోలికి పోదు. ఇప్పుడు ఒక నైట్రోజన్ తీసేసి, ఆ చోట ఇవ్వడానికి ఒంటరి జంట లేని ఆల్కైల్ కార్బన్ పెట్టండి. ఖాళీ ఆర్బిటాల్ శక్తి కిందికి దిగుతుంది, కార్బీన్ ఒంటరి జంట శక్తి పైకి లేస్తుంది, మధ్య తేడా తగ్గుతుంది. 2007లో గై బెర్ట్రాండ్ బృందం ఇలాంటి కార్బీన్లతో హైడ్రోజన్‌నూ అమ్మోనియానూ చీల్చి చూపింది. అమ్మోనియా కనబడితే చాలా పరివర్తన లోహాలు దానితో సంశ్లిష్టం కట్టుకుని అక్కడే ఆగిపోతాయి. ఒక్క పరమాణువు మార్పు తెచ్చిన తేడా ఇది!

ఇదే రకం కార్బీన్‌ను బోరాన్‌కు లైగాండ్‌గా తగిలించి, 2018లో వుర్ట్స్‌బర్గ్‌లో హోల్గర్ బ్రౌన్‌ష్వైగ్ బృందం నైట్రోజన్ అణువును బంధించింది.

"ప్రధాన గ్రూపు సమ్మేళనాలు ఉత్ప్రేరకాలుగా పనికిరావు కదా" అనే వాదనలో కొంత నిజముంది. బంధం తెంచాక ఉత్పన్నాన్ని వదిలి మళ్లీ మొదటి స్థితికి రావడం వీటిలో చాలా వాటికి కష్టం. కానీ అసాధ్యం కాదు. డగ్లస్ స్టీఫన్ బృందం 2006లో చూపిన ఫాస్ఫరస్-బోరాన్ అణువు 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర హైడ్రోజన్‌ను తీసుకుని, 100 డిగ్రీలు దాటాక వదిలేసింది. మరుసటి ఏడాదే ఆ రకం అణువులు ఇమీన్ల (కార్బన్-నైట్రోజన్ ద్విబంధమున్న సమ్మేళనాల) హైడ్రోజనీకరణకు ఉత్ప్రేరకాలయ్యాయి.