సంతాప సందేశానికి ఖర్చు లేదు, పంపకపోతేనే ఖర్చు

ఒక దేశాధినేత చనిపోయాడని తెలియగానే మిగతా దేశాల విదేశాంగ శాఖల్లో మొదలయ్యే టెన్షన్‌కూ దుఃఖానికీ పెద్దగా సంబంధం ఉండదు. సందేశం ప్రభుత్వానికి రాయాలా ప్రజలకు రాయాలా, పోయినాయన్ని పొగడాలా వద్దా, అంత్యక్రియలకు ఏ స్థాయి మనిషిని పంపాలి, జెండా అవనతం చేయాలా... ఇవన్నీ తేలాకే మనం చదివే ఆ రెండు ముక్కలు బయటికొస్తాయి. ఇదంతా ఉత్త నాటకం అంటారు చాలామంది. నాటకమే, కాదనను. అందులో వేషం వేయబోమని మొండికేసిన వాళ్లు ఏం బావుకున్నారన్నదే నా ప్రశ్న.

1994 నాటి కొరియానే తీసుకోండి. ఉత్తర, దక్షిణ కొరియాల అధినేతలు మొట్టమొదటిసారి ఎదురెదురుగా కూర్చోవడానికి జులై 25న ముహూర్తం కుదిరింది. 8వ తేదీన ఉత్తర కొరియా అధినేత కిమ్ ఇల్ సుంగ్ చనిపోయాడు. లక్షల ప్రాణాలు తీసిన యుద్ధాన్ని మొదలుపెట్టినవాడికి సంతాపమేంటని సియోల్‌లో దక్షిణ కొరియా అధ్యక్షుడు కిమ్ యంగ్ సామ్ ప్రభుత్వం ససేమిరా అంది, సైన్యాన్ని అప్రమత్తం చేసింది, సంతాపం మాటెత్తిన ప్రతిపక్ష ఎంపీలు తిట్లు తిన్నారు. ఆ కోపం న్యాయమైనదే. అయితే అదే యుద్ధంలో వేలమంది సైనికుల్ని పోగొట్టుకున్న అమెరికా ఇంకో దారి పట్టింది. క్లింటన్ ఉత్తర కొరియా ప్రజలకు సంతాపం తెలిపాడు, అణు చర్చల కోసం జెనీవాలో ఉన్న అమెరికా ప్రతినిధి రాబర్ట్ గలూచీ అక్కడి ఉత్తర కొరియా కార్యాలయానికి స్వయంగా వెళ్లి సంతాప పుస్తకంలో సంతకం పెట్టొచ్చాడు. స్వదేశంలో రిపబ్లికన్ నేత బాబ్ డోల్ దీన్ని తప్పుపట్టాడు. అక్టోబర్‌లో అణు ఒప్పందం కుదిరింది, సియోల్ మాత్రం ఆ శిఖరాగ్ర భేటీ కోసం 2000 జూన్ దాకా ఆగాల్సి వచ్చింది. ఒక్క సందేశంతో చరిత్ర మారిపోయేదని నేననను, కానీ పంపకుండా బిగదీసుకుని దక్షిణ కొరియా సాధించింది కూడా ఏమీ కనిపించదు.

ఈ సంగతి తర్వాత వాళ్లకూ అర్థమైనట్టే ఉంది. 2011లో ఉత్తర కొరియా అధినేత కిమ్ జోంగ్ ఇల్ పోయేనాటికి, తమ యుద్ధనౌక మునిగి 46 మంది నావికులు చనిపోయి రెండేళ్లు కూడా కాలేదు, అది ఉత్తరాది పనేనని సియోల్ ఆరోపణ. అయినా ప్రజలకు సానుభూతి చెప్పారు, అధికారిక బృందాన్ని మాత్రం పంపలేదు, మాజీ అధ్యక్షుడు కిమ్ డే జుంగ్ భార్య లీ హీ హోను వెళ్లనిచ్చారు. 2009లో ఆమె భర్త చనిపోయినప్పుడు ఉత్తరాది నుంచి మనుషులు వచ్చారు మరి!

అలాగని కళ్లు మూసుకుని మర్యాద పాటిస్తే డి వలేరా గతే పడుతుంది. 1945 మే 2న ఈ ఐర్లండ్ ప్రధాని హిట్లర్ మరణానికి సంతాపం చెప్పడానికి జర్మనీ రాయబారి హెంపెల్ దగ్గరికి వెళ్లాడు. వెళ్లకపోతే జర్మన్ జాతిని, హెంపెల్‌ను అవమానించినట్టవుతుందని ఆయన వాదన. నాజీ శిబిరాల్లోని ఘోరాలు అప్పటికే లోకానికి తెలిశాయి, ఆ ప్రభుత్వం లొంగిపోవడానికి వారం కూడా లేదు. రేపు పని పడుతుందనే కదా ఈ మర్యాదలన్నీ, రేపే లేని ప్రభుత్వానికి పరామర్శ దేనికి?

2024 మేలో ఇరాన్ అధ్యక్షుడు రైసీ హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయినప్పుడు అమెరికా చేసింది నాకు నచ్చింది. పొగడ్త లేకుండా పొడిపొడిగా అధికారిక సంతాపం చెప్పి, అదే ప్రకటనలో మానవ హక్కుల కోసం ఇరాన్ ప్రజలు చేస్తున్న పోరాటానికి మద్దతు ప్రకటించింది. భారత్‌కు అప్పట్లో చాబహార్ ఓడరేవు సహా అక్కడ పనులుండేవి, అది ఏకంగా ఒకరోజు సంతాప దినం పాటించింది. ఎవరి అవసరం వాళ్లది.

అన్నిటికంటే ఇబ్బందికరమైనది, పంపి వెనక్కి తీసుకోవడం. 2025 ఏప్రిల్ 21న పోప్ ఫ్రాన్సిస్ చనిపోగానే ఇజ్రాయెల్ విదేశాంగ శాఖ సోషల్ మీడియాలో నివాళి పెట్టింది, కాసేపటికే తీసేసింది. గాజాలో ఇజ్రాయెల్ యుద్ధంపై ఆయన విమర్శలే కారణమని విడమరిచి చెప్పాల్సిన పనిలేదు. మూడు రోజులకు నెతన్యాహు కార్యాలయం నుంచి ఎలాగూ సంతాపం వచ్చింది, అప్పటికి ఆ తీసేసిన పోస్టు గురించి ప్రపంచమంతా మాట్లాడేసుకుంది.