తెల్లచొక్కా మీద తంగేడు

యూనివర్సిటీ లా, కామర్స్ లైబ్రరీలో స్పెషల్ కలెక్షన్స్ గది ఎప్పుడూ పై అంతస్తులో, లిఫ్టు ఆగని చోటే ఉంటుంది. రోజుకు నలుగురొస్తే ఆ గదికి తిరునాళ్ళ కింద లెక్క. ఆ నలుగురిలో ఒకరు జూనియర్ వకీలు. సీనియర్ తరిమితే వచ్చినవాడు. తెల్లచొక్కా, తెల్ల బ్యాండు, చేతి మీద మడతేసిన నల్లకోటు, పన్నెండుకల్లా కోర్టులో ఉండాలన్న తొందర.

సీనియర్ చెప్పి పంపింది రెండే ముక్కలు. "1317 ల్యాండ్ రెవెన్యూ యాక్టు ఒరిజినల్ చూసిరా. మద్రాసు ఐఎల్ఆర్‌లో ఒక జడ్జిమెంటుంది, ఆ పేజీలు పట్రా."

జూనియర్ స్లిప్పు మీద రాసింది: "క్రీ.శ. 1317 నాటి భూమిశిస్తు చట్టం."

క్రీ.శ. 1317లో ఓరుగల్లును ఏలుతున్నది ప్రతాపరుద్రుడు. ఆయనా శిస్తు వసూలు చేసే ఉంటాడు గానీ, సెక్షన్లూ సబ్‌సెక్షన్లూ పెట్టి చేసి ఉండడు. స్లిప్పులో ఉండాల్సింది ఫసలీ 1317. ఫసలీ అంటే నిజాం కాలంలో శిస్తు వసూళ్ళకు వాడిన సంవత్సరాల లెక్క. ఫసలీకి 590 కలిపితే మన లెక్కకొస్తుంది, అంటే 1907. నిజాం రాజ్యపు పాత చట్టాలు చాలావరకు ఈ లెక్కలోనే ఉంటాయి. 'ఫ' ఒక్కటి రాయనందుకు 590 ఏళ్ళ జరిమానా పడింది.

అటెండరు, "కాకతీయులవి మా దగ్గర లేవు సార్, ఖిలా వరంగల్ వెళ్ళండి" అనడు. అనాలని మాత్రం ఉంటుంది. పెన్సిలుతో 'ఫ' చేర్చుకుని లోపలికి వెళ్తాడు. ఆ గదిలో పెన్సిలే రాజు. వకీలుగారి జేబులోని మూడు పెన్నులూ గుమ్మం దగ్గర డబ్బాలో పడ్డాయి. మంచినీళ్ళ సీసా కూడా పడాల్సిందే. అది కోటు మడతలో దాక్కుని లోపలికి వచ్చేసింది. ఈ సీసా సంగతి గుర్తుంచుకోండి.

మొదట ఉర్దూ సంపుటం వచ్చింది. వకీలు అలవాటు కొద్దీ ఎడమవైపు అట్ట తెరిచాడు. "అన్నా, టైటిల్ పేజీ ఎవరో చింపేశారు!" అటెండరు ఏమీ అనకుండా పుస్తకాన్ని తిప్పి పెట్టాడు. కుడివైపు నుంచి తెరిస్తే టైటిల్ పేజీ భద్రంగా ఉంది. అక్కడ లేనిదల్లా వకీలుకు ఉర్దూ. రెండు ఫొటోలు కొట్టి సీనియర్‌కు పంపి, ఆ భారం దించేసుకున్నాడు.

అసలు గొడవంతా ఐఎల్ఆర్ దగ్గర. అంటే ఇండియన్ లా రిపోర్ట్స్, హైకోర్టు తీర్పులు అచ్చేసే సంపుటాలు. మద్రాసు సిరీస్ 1876లో మొదలైంది. వకీలుకు జడ్జిమెంటు పేరు తెలుసు, సంపుటం నంబరు తెలీదు. "తొంభైల్లోది" అన్నాడు. 1890లని అర్థం చేసుకుని అటెండరు ఎనిమిది సంపుటాలు ట్రాలీ మీద నిలబెట్టి తెచ్చాడు. అన్నీ తోలు బైండింగే.

నిలబెట్టిన పుస్తకాన్ని తీయడానికో పద్ధతుంది. అటూ ఇటూ ఉన్న పుస్తకాలను ఒక అంగుళం వెనక్కి నెట్టి, మధ్యలోదాన్ని నడుము దగ్గర పట్టుకుని లాగాలి. లోకమంతా చేసేది వేరు: పుస్తకం వీపు, అంటే బయటికి కనబడే కుట్టువైపు, దాని పైఅంచులో చూపుడువేలు దూర్చి, బావిలో చేద లాగినట్టు లాగడం. వకీలూ లాగాడు. అప్పడం విరిగినట్టు చిన్న చప్పుడైంది. పుస్తకం ట్రాలీ మీదే ఉంది. పైఅంచు తోలు మాత్రం వేలితోపాటు వచ్చేసింది.

ఎవరూ చూడలేదనుకుని ఆ ముక్కను బల్ల మీద జార్చి, పుస్తకాన్ని రెండు చేతులా గుండెకు హత్తుకుని కుర్చీదాకా మోశాడు. కింద పెట్టి చూసుకుంటే చొక్కా మీద జానెడు పొడవున ఇటుకపొడి రంగు చార.

"అన్నా, దీనిమీద కారం పడిందా?"

కారం కాదు. దాన్ని రెడ్ రాట్ అంటారు. చెరకు రైతులకు ఎర్రకుళ్ళు పేరు తెలిసిందే గానీ, అది బూజు తెగులు, ఇది ఆమ్లం పని. పొగ గాలిలోని సల్ఫర్ డయాక్సైడును తోలు ఏళ్ళ తరబడి పీల్చుకుంటుంది. లోపల అది సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారి పోగులను కొరికేస్తుంది. చివరికి తోలు తోలుగా ఉండదు, ఎర్రపొడై ముట్టుకున్న ప్రతిదానికీ అంటుకుంటుంది. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలోని బైండింగులకు ఈ జబ్బు మరీ ఎక్కువ. అప్పట్లో మద్రాసు నుంచి ఓడలెక్కిన తోళ్ళను చాలావరకు తంగేడు బెరడుతో పదును చేసేవారు. అలాంటి తోళ్ళు పుస్తకాలకు పనికిరావని లండన్ సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ కమిటీ 1905లోనే తేల్చింది. బతుకమ్మలో పసుప్పచ్చగా మెరిసే తంగేడుకు న్యాయశాస్త్రంతో ఇంత పాతపగ ఉందని వకీలుకు ఏ కాలేజీలోనూ చెప్పలేదు.

ఇప్పుడు సీసా బయటికొచ్చింది. చేతిరుమాలు తడిపి చొక్కా రుద్దాడు. చార కాస్తా అరచేయంత మచ్చయింది. ఇంకాస్త రుద్దితే ఆంధ్రప్రదేశ్ పటం వచ్చింది, విభజనకు ముందుది. అక్కడితో ఆగినా బాగుండేది. పుస్తకం మీద జాలి పుట్టి, "దీన్నీ తుడిచేస్తే పొడి పోతుంది కదా" అని అదే తడిగుడ్డతో వీపు మీద ఒక్క గీత గీశాడు.

రెడ్ రాట్ పట్టిన తోలుకు నీళ్ళు తగిలితే అక్కడికక్కడ నల్లబడి బిరుసెక్కుతుంది. ఇక వెనక్కి రాదు. అటెండరు గది ఆ చివర నుంచి "సార్!" అంటూ వచ్చేసరికి గోధుమరంగు వీపు మీద ఎక్కిళ్ళు వచ్చినప్పుడు పెట్టిన కాటుక లాంటి గీత. కంగారులో వకీలు బల్ల మీది ముక్క చూపించి, "సెల్లోటేప్ ఉందా, అంటించేద్దాం" అన్నాడు. అటెండరుకు ఆ గదిలో వినకూడని మాట అదొక్కటే. టేపు పదేళ్ళకు ఎండి ఊడిపోతుంది, దాని జిగురు మాత్రం లోపలికి ఇంకి పసుపు మచ్చై శాశ్వతంగా కాపురం పెడుతుంది. చిరిగిన కాగితానికైతే గోధుమపిండి గంజి, జపాన్ టిష్యూ వాడాలి.

తోలుకు మందు వేరే. క్లూసెల్-జి అనే తెల్లపొడిని ఆల్కహాలులో నూటికి రెండు పాళ్ళు వేసి, రాత్రంతా నానబెట్టి, మెత్తటి బ్రష్షుతో పూయాలి. పొడి రాలడం ఆగుతుంది. పోయిన బలం మాత్రం రాదు. ఇండెంటులో "ఆల్కహాలు 2 లీటర్లు" అని రాస్తే అకౌంట్స్ సెక్షన్ ఫైలు వెనక్కి కొడుతుంది, "ఐసోప్రొపైల్" అని రాస్తే ఎవరికీ అర్థంకాక సంతకం పెట్టేస్తుంది. ఆపైన పుస్తకానికి పాలియెస్టర్ జాకెట్ తొడిగి నూలు నాడాతో కట్టాలి. రబ్బరుబ్యాండు వేస్తే రెండు ఎండాకాలాలు చాలు, కరిగి అట్టకు అంటుకుపోతుంది. కామర్స్ విభాగపు కంపెనీ వార్షిక నివేదికల గోల ఇంకోటి, అక్కడ తుప్పు పట్టిన స్టేపుల్ పిన్నులు. వాటిని రిమూవర్‌తో పీకితే కాగితం కూడా వస్తుంది. వెనక్కి తిప్పి, కాళ్ళు సన్నటి రేకుతో లేపి తీయాలి.

విరిగిన ముక్కను అటెండరు కవరులో వేసి, సంపుటం నంబరూ తేదీ పెన్సిలుతో రాసి పుస్తకంలో కాకుండా పెట్టెలో పెట్టాడు. ఫోమ్ దిమ్మెల మీద పుస్తకాన్ని సగమే తెరిచి, పైనుంచి ఫొటోలు తీయించాడు. జిరాక్సు మెషిన్ మీద బోర్లించి నొక్కితే మిగిలిన వీపూ పోయేది.

వకీలు కోటు తొడుక్కుని, గుండీలన్నీ పెట్టుకుని, మే నెలలో కోర్టుకు పరిగెత్తాడు. సాయంత్రం సీనియర్ ఫోను: "హెడ్‌నోట్ ఒక్కటే పంపావేంటి? జడ్జిమెంటేదీ?" హెడ్‌నోట్ అంటే తీర్పుకు ముందు అచ్చేసే సారాంశం.

మర్నాడు పదింటికల్లా గదికొచ్చి తలొంచుకుని స్లిప్పు రాశాడు. అటెండరు తన మట్టిరంగు కోటు సర్దుకుంటూ చూశాడు. వకీలు చొక్కా కూడా సరిగ్గా అదే రంగు.

"కూర్చోండి సార్, తెస్తాను. ట్రాలీ దగ్గరికి మాత్రం రాకండి."