జాబితాలో పేరు లేని మత్తుమందు నేరం కాదా?

కృత్రిమ మత్తుమందుల గురించి వాట్సాప్‌లో విస్తృతంగా తిరుగుతున్న ఒక సందేశం మూడు మాటలు చెబుతోంది: పొడిలో కలిపి అమ్మితే అసలు మందు బరువే లెక్కకు వస్తుందట, డాక్టరు చీటీపై దొరికే మందులకు ఎన్‌డీపీఎస్ చట్టం (మత్తుమందులను నియంత్రించే కేంద్ర చట్టం) వర్తించదట, రసాయన నిర్మాణాన్ని కొద్దిగా మారిస్తే పార్లమెంటు కొత్త చట్టం చేసేదాకా ఎవరూ ఏమీ చేయలేరట.

మొదటిది పూర్తిగా తప్పు. హీరా సింగ్ కేసులో 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు త్రిసభ్య ధర్మాసనం, కలిపిన తటస్థ పదార్థంతో సహా మొత్తం మిశ్రమం బరువునే లెక్కించాలని తేల్చింది. ఆందోళన తగ్గించడానికి డాక్టర్లు రాసే అల్ప్రాజోలానికి వాణిజ్య పరిమాణపు హద్దు, అంటే కఠిన శిక్ష మొదలయ్యే బరువు, 100 గ్రాములు కాబట్టి, 10 గ్రాముల మందును 110 గ్రాముల గ్లూకోజులో కలిపినవాడికి కూడా పదేళ్లకు తగ్గని శిక్ష పడవచ్చు.

రెండో మాటకు ఒకప్పుడు ఆధారం ఉండేది. ఎన్‌డీపీఎస్ నిబంధనలకు జతచేసిన మొదటి షెడ్యూలు అనే పట్టికలో లేని మందులకు చట్టంలోని నిషేధం వర్తించదని 2007లో సుప్రీంకోర్టు చెప్పిన మాట వాస్తవమే. సందేశం రాసినవారు అక్కడే ఆగిపోయారు. సంజీవ్ దేశ్‌పాండే కేసులో 2014లో అదే న్యాయస్థానం ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. వైద్య, శాస్త్రీయ అవసరాలకు, అదీ చట్టం చెప్పిన పద్ధతిలో అయితేనే మినహాయింపు దొరుకుతుంది. తెలంగాణలో కల్తీకల్లులో కలిపే అల్ప్రాజోలం కూడా డాక్టర్లు రాసే మందే. కల్లు కుండలోకి చేరాక దానికి ఏ చీటీ అడ్డు పడుతుంది?

మూడోది సగం నిజం కాబట్టే ఎక్కువ ప్రమాదకరం. ఎన్‌డీపీఎస్ చట్టం నియంత్రించే పదార్థాల జాబితాలో కొత్త పేరు చేర్చడానికి పార్లమెంటుతో పని లేదు; సెక్షన్ 3 ప్రకారం కేంద్ర ప్రభుత్వం గెజిట్ ప్రకటన ఇస్తే చాలు. కెటమిన్ 2011లోనూ, మెఫెడ్రోన్ 2015 ఫిబ్రవరిలోనూ, ట్రమడాల్ 2018లోనూ ఇలాగే చేరాయి. అయితే ప్రకటన రాకముందు చేసిన పనికి దాని ఆధారంగా వెనక్కి వెళ్లి శిక్షించడాన్ని రాజ్యాంగంలోని 20(1) అధికరణం అనుమతించదు కాబట్టి, నిజంగా కొత్తదైన రసాయనం విషయంలో కొంతకాలం ఖాళీ ఉంటుంది. అమెరికా 1986లోనే నిర్మాణంలో పోలిక ఉన్న రసాయనాలకు విడిగా చట్టం చేసింది. బ్రిటన్ 2016లో మెదడుపై పనిచేసే పదార్థాలన్నిటి సరఫరానూ నిషేధించి, మద్యం, పొగాకు, కాఫీలోని కెఫీన్ వంటివాటిని పేరుపెట్టి మినహాయించవలసి వచ్చింది. అంత విశాలమైన నిర్వచనం మనకు మేలు చేస్తుందని నేను అనుకోను గాని, పోలిక ఆధారంగా నియంత్రించే నిబంధన లేకపోవడం మాత్రం లోపమే.

ఆ లోపం సందేశాన్ని నమ్మి కొన్నవారిని కాపాడుతుందనుకోవడం పొరపాటు. పొట్లం మీద ఏ పేరు రాసి ఉన్నా కేసులో చూసేది ఫోరెన్సిక్ నివేదికనే; అందులో జాబితాలోని రసాయనం తేలితే, సెక్షన్ 35 ప్రకారం కోర్టు నేరపూరిత ఉద్దేశం ఉన్నట్టే భావిస్తుంది, తనకు తెలియదని నిరూపించుకోవలసిన భారం నిందితుడిదే.