బురద తొక్కిన కాళ్లు

ఉగాది పాట్‌లక్‌లో ఎంఎస్ చదువుతున్న ఒకబ్బాయి అడిగాడు: "అంకుల్, జియోటెక్ తీసుకుంటే బురదలో తిరగాలట కదా? స్ట్రక్చరల్ అయితే హాయిగా ఆఫీసులో కూర్చోవచ్చంటున్నారు." వాళ్ల నాన్నగారు అందుకుని, "సివిల్లో చేరడమే ఎక్కువండీ, మళ్లీ ఫీల్డు కూడానా?" అన్నారు. ఆ సందడిలో సరిగ్గా చెప్పలేకపోయాను.

జియోటెక్ అంటే కట్టడాల కింది నేల, పునాదుల సంగతి చూసే పని; స్ట్రక్చరల్ అంటే పైన కట్టడాన్ని డిజైన్ చేసే పని. బురదలో తిరగాలి, నిజమే. మిన్నెసోటాలో నా మొదటి చలికాలమంతా ఒక వంతెన పునాది కోసం వేసిన బోరింగుల (నేల పరీక్షకు తవ్వే రంధ్రాల) దగ్గరే గడిచింది. మన్ను నమూనా తీసే గొట్టాన్ని నేలలోకి దించడానికి 140 పౌండ్ల సుత్తి 30 అంగుళాల ఎత్తు నుంచి పడుతుంటే దెబ్బలు లెక్కపెట్టి రాసుకోవాలి. మొదటి 6 అంగుళాలు వదిలేసి, తర్వాతి 12 అంగుళాలు దిగడానికి పట్టిన దెబ్బలే ఎన్ విలువ. అది ఎంత తక్కువైతే నేల అంత మెత్తన. పెన్నులో సిరా గడ్డకడితే పెన్సిల్‌తో రాసేవాణ్ణి. ఒకరోజు, 30 దెబ్బలు అడుగుతున్న ఇసుక కింద, ఉన్నట్టుండి మూడు దెబ్బలకే గొట్టం దిగిపోయింది. తెరిచి చూస్తే బూడిదరంగు బంకమన్ను. నొక్కితే వేలు వెన్నలోకి దిగినట్టు దిగింది. ఇప్పటికీ ఏ రిపోర్టులోనైనా ఎన్ విలువ 3 అని కనబడితే నా వేలికి ఆ మన్నే తగులుతుంది.

మేడిగడ్డ బ్యారేజీలో 2023 అక్టోబరులో పియర్లు (గేట్ల మధ్య స్తంభాలు) కుంగినప్పుడు డ్యామ్ సేఫ్టీ అథారిటీ కమిటీ ప్రధానంగా చెప్పిన కారణం ర్యాఫ్ట్ (పునాదిగా పరిచిన కాంక్రీటు పలక) కింద ఇసుక కొట్టుకుపోవడం. పైన ఎంత కాంక్రీటు పోసినా, బరువు మోయాల్సింది ఆ ఇసుకే కదా.

అమెరికాలో ఇంజినీరు లైసెన్సు కోసం రాసే పీఈ సివిల్ పరీక్షలో ఐదు విభాగాలున్నాయి: స్ట్రక్చరల్, జియోటెక్, ట్రాన్స్‌పోర్టేషన్, వాటర్, కన్‌స్ట్రక్షన్. లైసెన్సుకు చాలా రాష్ట్రాల్లో నాలుగేళ్ల అనుభవం అడుగుతారు. అందులో రెండేళ్లు ఫీల్డులో ఉండి, ఆ తర్వాత ఏ విభాగమో తేల్చుకోమంటాను. స్ట్రక్చరల్ వైపు వెళ్లేవాళ్లకైతే ఇది మరీ అవసరం.

అలాగని కంపెనీలు పెట్టే కష్టమంతా భరించమనడం లేదు. ట్రాఫిక్ కోసం లేన్లు రాత్రిపూటే మూస్తారు కాబట్టి రాత్రి షిఫ్టులు తప్పవు. నేను మొదట చేరినచోట షిఫ్టు అయ్యాక రెండు గంటలు కారు నడుపుకుంటూ వచ్చి, పొద్దున్నే ఆఫీసులో కూర్చోవాల్సివచ్చేది. ఒకసారి స్టీరింగ్ మీదే కునుకు పట్టింది. వీసా టెన్షన్‌తో నోరు మెదపలేదు. ఆ తప్పు మీరు చేయకండి. రాత్రి పనికి మర్నాడు సెలవిస్తారా, ఓవర్‌టైమ్ కడతారా, సైట్లో ఒంటరిగా ఉంచుతారా అని ఇంటర్వ్యూలోనే అడగండి.

మొన్న ఆ అబ్బాయికి ఫోన్ చేశాను. శనివారం మా రిగ్ (బోరింగు వేసే యంత్రం) దగ్గరికి వస్తానన్నాడు, వాళ్ల నాన్నగారు కూడా వస్తారట. ఇద్దరి బూట్ల సైజులూ అడిగి రాసుకున్నాను.