సవరణ: సాలూరు వైపు పడింది మంచు కాదు, వడగళ్లు

నిన్నటి పోస్టులో మామిడి తోటంతా తెల్లగా పరుచుకున్న ఫొటో కింద "సాలూరులో మంచు కురిసింది" అని ఉంది. అవి వడగళ్లు. శీర్షిక మార్చాం. పాతది షేర్ చేసినవాళ్లు దయచేసి ఇది కూడా పంపండి.

మంచు కురవాలంటే మేఘం నుంచి నేల దాకా గాలి ఇంచుమించు సున్నా డిగ్రీల దగ్గరో, అంతకంటే చల్లగానో ఉండాలి. వేసవిలో విజయనగరం వైపు అది జరిగే పని కాదు. నీటి ఆవిరే నేరుగా గడ్డకట్టి, ఆరు కోణాల స్ఫటికమై తేలిగ్గా దిగేది మంచు.

వడగళ్లకు ఎండే కావాలి. మధ్యాహ్నం కాగిన నేల మీది తేమ గాలి జోరుగా పైకి లేచి, 10 కిలోమీటర్లు దాటిన ఎత్తు వరకూ క్యుములోనింబస్ అనే ఉరుముల మేఘం కడుతుంది. అందులో సున్నా కంటే చల్లబడినా గడ్డకట్టని నీటి బొట్లుంటాయి. చిన్న మంచు గుళికకు అవి తగిలి పొరలు కడతాయి. పైకి లేచే గాలి మోయలేనంత బరువయ్యాక కిందపడుతుంది. ఒకదాన్ని సగానికి కోసి చూడండి, ఉల్లిపాయలా పొరలు కనిపిస్తాయి. తెల్లటి పొర చటుక్కున గడ్డకట్టింది, గాలి బుడగలు అందులోనే చిక్కుకున్నాయి. తేటగా ఉన్నది నెమ్మదిగా గడ్డకట్టింది.

లంబసింగిలో మంచు పడుతుందంటారే, దాని మాటేమిటని కొందరు అడిగారు. అక్కడ చలికాలం పొద్దున గడ్డి మీద కనిపించే తెల్లపొర పైనుంచి పడదు, నేల దగ్గరి తేమే అలా పేరుకుంటుంది.

అన్నట్టు, అదే ఫొటోలో చెట్ల కింద రాలిన పిందెలు చూడండి. "భలే అందం" అని మెచ్చుకోవాల్సిన ఫొటో కాదది, ఒక రైతు ఏడాది కష్టం. మళ్లీ వడగళ్లు పడితే పిల్లల్ని ఏరడానికి బయటికి పంపకండి. ఆ మేఘంలోనే పిడుగులూ ఉంటాయి.